చల్లబడని గదికి జమాఖర్చు లెక్క

బళ్ళారికి రెండే రెండు కాలాలని మా ప్రాంతంలో ఒక ఛలోక్తి ఉంది. ఒకటి ఎండాకాలం, రెండోది మండే ఎండాకాలం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు దక్కాయి. రాష్ట్రాల హద్దులు మారాయి గాని మా ఇళ్ళలో తెలుగు మాట మారలేదు, మా నెత్తిమీది ఎండా మారలేదు.

మాది బళ్ళారి తాలూకాలోని రూపనగుడి. ఈ ఊరి పేరే ఇంటిపేరైన రూపనగుడి నారాయణరావు గారిని తెలుగు సాహిత్యం చదివినవారు ఎరుగుదురు. నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను. బి.కాం. పూర్తిచేసి, బ్యాంకు పరీక్ష రాసి, ముప్ఫై ఏళ్ళుగా పరుల డబ్బుకు లెక్కలు చూస్తున్నవాణ్ణి. యంత్రాల సంగతి నాకు బొత్తిగా తెలియదు. అయినా 2024 వేసవిలో మా ఇంటి ఎయిర్ కండిషనర్ పెట్టిన తిప్పల వల్ల ఒక పాఠం నేర్చుకున్నాను. మన పత్రిక చదివే కుటుంబాల్లో కొందరు ఎండలు మండే ఊళ్ళలో ఉన్నారు, కొందరు మంచు కురిసే దేశాల్లో ఉన్నారు. గది చల్లబడలేదని కొందరికి బాధ, వెచ్చబడలేదని కొందరికి బాధ. ఇద్దరికీ పనికివచ్చే విషయం కనుక రాస్తున్నాను.

మిద్దె పోయి స్లాబు వచ్చింది

మా నాయన హయాంలో మాది మట్టి మిద్దె. రెండడుగుల మందం రాతి గోడలు. పైన దూలాలు, వాటిమీద దంతెలు, వాటిమీద కంప, ఆపైన అడుగు మందాన చవుడు మట్టి. వెలుతురు కోసం నడిమధ్య ఒక గవాక్షి. ఏటా వానలకు ముందు బండ్లతో చవుడు తోలించి మిద్దెమీద పరిచి చదును చేయించాలి. చేయించని ఏడు మిద్దె కురిసేది. అప్పుడప్పుడు దంతెల సందుల్లోంచి తేలు రాలేది. ఇన్ని ఇబ్బందులున్నా మిట్టమధ్యాహ్నం పడసాలలో చాప వేసుకుని పడుకుంటే హాయిగా నిద్రపట్టేది. రాత్రయితే అందరం మిద్దె పైకెక్కి పడుకునేవాళ్ళం.

2012లో నేను అప్పు తీసుకుని ఆ మిద్దెను పడగొట్టించి సిమెంటు స్లాబు ఇల్లు కట్టించాను. కురవదు, తేళ్ళు రాలవు, ఏటా చవుడు ఖర్చు ఉండదు. ఊళ్ళో కాస్త గౌరవం కూడాను. అమ్మ మాత్రం, ‘‘ఆ పడమటి గది మిద్దె ఒక్కటన్నా ఉంచప్పా, ముసలిదాన్ని, ఆడ పడుకుంటా’’ అంది. ‘‘కొత్తింట్లో పాత గది ఏమిటమ్మా’’ అని తోసిపుచ్చాను.

నాయన పోయాక అమ్మ ఆ ఇంట్లోనే ఉంటోంది. ఎనభై దాటాయి. ఉద్యోగరీత్యా నేను బళ్ళారిలో కాపురం. వచ్చి మాతో ఉండమంటే, ‘‘మీ మూడో అంతస్తులో నాకెవరు పలకరిస్తారు?’’ అంటుంది. పగలంతా ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి కూర్చుంటారు. రాత్రి తోడుకు మా పిన్ని మనవడు పడుకుంటాడు.

2023 మే నెలలో ఒకనాడు అర్ధరాత్రి ఆ కుర్రవాడు ఫోను చేశాడు. ‘‘మామా, అవ్వ ఏందేందో మాట్లాడుతాంది. ఒళ్ళు కాలిపోతాంది’’ అన్నాడు. కారులో వెళ్ళి బళ్ళారి ఆసుపత్రికి తీసుకువచ్చాం. రెండు రోజులు సెలైను ఎక్కించారు. అది వడదెబ్బ అని డాక్టరు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ‘‘ఆమె ఎండలోకే వెళ్ళదండీ’’ అన్నాను. ఆయన ఓపికగా చెప్పారు: ‘‘ఎండలోకి వెళ్ళనక్కరలేదు. పగలంతా వేడెక్కిన గదిలోనే రాత్రి కూడా పడుకుంటే ఒళ్ళు చల్లబడే వ్యవధి ఉండదు. పెద్దవాళ్ళకు దాహం కూడా సరిగా తెలియదు. ఆమెను చల్లని చోటికన్నా తీసుకురండి, లేదా ఆమె ఉన్న చోటునన్నా చల్లగా చేయండి.’’

2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారని పత్రికల్లో చదివినప్పుడు వాళ్ళంతా ఎండలో పనిచేసే కూలీలే అనుకున్నాను. ఇంటిలోపల మంచంమీద ఉన్న మనిషికి కూడా ఆ ప్రమాదం ఉందని నాకప్పుడే తెలిసింది.

అమ్మ బళ్ళారికి రానంది. అందుకని 2024 మార్చిలో ఆమె పడుకునే పడమటి గదిలో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఎయిర్ కండిషనర్ పెట్టించాను. గది పద్నాలుగు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. అంత గదికి ఒకటిన్నర టన్నులు బాగా సరిపోతుందని దుకాణంలో చెప్పారు.

యంత్రం తిరుగుతోంది, గది చల్లబడదు

మార్చిలో బాగానే ఉంది. ఏప్రిల్ వచ్చి ఎండ నలభై డిగ్రీలు దాటేసరికి కథ మొదలైంది. రాత్రి ఎనిమిదికి వేస్తే పదకొండింటికి కూడా గది ఉడుకుతూనే ఉంది. రిమోటులో 18 డిగ్రీలు పెట్టి చూశాను. అంకె మారిందే గాని గది మారలేదు.

మొదట వచ్చిన మెకానిక్కు చెయ్యి గాలికి అడ్డం పెట్టి చూసి, ‘‘గ్యాసు తగ్గింది సార్’’ అని గ్యాసు నింపి వెళ్ళాడు. రెండు రోజులు చల్లగా ఉన్నట్టు మాకే అనిపించింది. మూడో రోజు మామూలే. రెండో మెకానిక్కు స్టెబిలైజరు మార్చమన్నాడు. మార్చాను. మూడో ఆయన మళ్ళీ గ్యాసు నింపి, ‘‘ఇది చాలదు సార్, రెండు టన్నులది పెట్టండి’’ అని సలహా ఇచ్చాడు. అప్పటికి ఎనిమిది వేల రూపాయల దాకా వదిలాయి. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టయింది.

ఈలోగా మా కుర్రవాడు తన తెలివి ఉపయోగించాడు. పాత కూలరును కూడా అదే గదిలో పెట్టి రెండూ కలిపి నడిపాడు. గది ఇంకా జిడ్డుగా, ఉక్కగా తయారైంది. కూలరు గాలికి నీటి తేమను కలుపుతుంది. ఎయిర్ కండిషనర్ గాలిలోంచి తేమను పిండి బయటికి పంపుతుంది. ఒకరు నీళ్ళు తోడి పోస్తుంటే మరొకరు అవే నీళ్ళు ఎత్తి పారబోయడం లాంటిది. కూలరుకు కిటికీ తెరిచి ఉండాలి, ఎయిర్ కండిషనరుకు మూసి ఉండాలి. మా వైపు గాలి పొడిగా ఉంటుంది కనుక కూలరు ఒక్కటే ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉక్క ఎక్కువ కనుక అంతగా పనిచేయదు. ఏదైనా ఒకటే వాడాలి.

ఇక రెండు టన్నులది కొందామని దుకాణానికి బయలుదేరబోతుండగా నాకు నా ఉద్యోగపు తొలిరోజులు గుర్తుకొచ్చాయి.

బ్యాంకులో నేర్చిన పాఠం

నేను చేరిన కొత్తలో ఒక సాయంత్రం రొక్కం లెక్క కుదరలేదు. నేను కంగారుపడి నోట్లకట్టలు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నాను. మా పెద్ద ఆఫీసరు గారు నా చేతిలోని కట్ట తీసి పక్కన పెట్టి, ‘‘ముందు వచ్చిందెంతో ఒక కాగితంమీద రాయి. పోయిందెంతో ఇంకో కాగితంమీద రాయి. రెండూ కలిపి చూడకు. తప్పు ఏ కాగితంలో ఉందో తేలితే సగం పని అయినట్టే’’ అన్నారు. ఆ రాత్రి తప్పు నోట్లలో లేదు, ఒక వోచరులో ఉంది.

గదికీ అదే లెక్క. గదిలోకి వచ్చి చేరే వేడి జమ. యంత్రం బయటికి పంపే వేడి ఖర్చు. మిగిలిన నిల్వ ఎంతో గోడమీది థర్మామీటరు చెబుతుంది. నిల్వ తగ్గడం లేదంటే రెండే కారణాలు. యంత్రం ఖర్చుచేయవలసినంత చేయడం లేదు, లేదా జమ అంతకంటే ఎక్కువగా పడుతోంది. ఆ ముగ్గురు మెకానిక్కులూ, వాళ్ళతోపాటు నేనూ, ఖర్చు కాగితమే చూశాం. జమ కాగితం తెరవనే లేదు.

మొదటి కాగితం: యంత్రం

ముందు ఒక మాట. ఎయిర్ కండిషనర్ చల్లదనాన్ని తయారుచేయదు. లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారవేస్తుంది. టన్ను అంటే దాని బరువు అనుకునేవాళ్ళున్నారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పూర్వం మంచుగడ్డలతో చల్లబరిచే రోజుల్లో పుట్టిన కొలత అది. అమెరికా లెక్కలో ఒక టన్ను, అంటే 2,000 పౌన్ల మంచు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో ఆ పనిని ఒక టన్ను అన్నారు. గంటకు 12,000 బీటీయూలని ఆ పెట్టెమీద రాసేది అదే. విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కార్యాలయం కోసం ఈ పద్ధతిని రూపొందించాడు. అప్పుడు కష్టం మనుషుల ఉక్కపోత కాదు. గాలిలో తేమకు కాగితం సాగి రంగులు సరిగ్గా పడకపోవడం.

యంత్రం పని చేస్తోందో లేదో చెయ్యి అడ్డంపెట్టి చెప్పలేం. బళ్ళారి బజారులో రెండు చిన్న థర్మామీటర్లు కొన్నాను. ముందు రెంటినీ ఒకేచోట పెట్టి ఒకే అంకె చూపుతున్నాయని నిర్ధారించుకున్నాను. యంత్రాన్ని చల్లబరిచే పద్ధతిలో, ఫ్యాను వేగం ఎక్కువలో పెట్టి పావుగంట నడిపాను. తర్వాత ఒక థర్మామీటరును యంత్రం పైభాగంలో గాలి లోపలికి వెళ్ళేచోట, రెండోదాన్ని కింద గాలి బయటికి వచ్చేచోట ఉంచాను. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో ఈ రెంటికీ తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. మా ఇంట్లో 6 డిగ్రీలే వచ్చింది. అంటే యంత్రంలోనూ లోపం ఉంది.

యంత్రం ముందుమూత తీసి చూస్తే ఫిల్టరు కనిపించలేదు, కంబళి కనిపించింది. మా ఊరి దుమ్ము నెల రోజుల్లో అంత దట్టంగా పేరుకుంది. ఫిల్టరు పూడితే గాలి తక్కువగా ఆడుతుంది. గాలి ఆడకపోతే లోపలి గొట్టాలు మరీ చల్లబడి వాటిమీద మంచు కట్టే ప్రమాదం కూడా ఉంది. మంచు కట్టితే గాలికి దారి మరింత మూసుకుపోతుంది. అలాంటప్పుడు ఎంత చల్లగా పెడితే అంత చెడు. యంత్రం ఆపి, ఫ్యాను మాత్రం నడిపి మంచును కరగనివ్వాలి.

తర్వాత మేడ ఎక్కి బయటి పెట్టె చూశాను. వేడిని పారవేయవలసింది అదే. దాన్ని మేడ మూలలో పిట్టగోడకు ఆనించి, దొంగల భయానికి చుట్టూ ఇనుప పెట్టె చేయించి, పైన రేకు కప్పించాను. చేయించింది నేనే. అది ఊదిన వేడిగాలి పిట్టగోడకు తగిలి తిరిగి దానిలోకే పోతోంది. కాలే స్లాబుమీద, తన వేడిగాలిని తానే పీలుస్తూ అది రొప్పుతోంది. వెనుక రేకుల సందుల్లో దుమ్ము, కసువు.

మెయిన్ స్విచ్చి ఆపి ఫిల్టరును కడిగి నీడలో ఆరబెట్టాం. బయటి పెట్టె రేకులను మెల్లని నీటిధారతో కడిగాం. జోరుగా కొడితే ఆ పలుచని రేకులు వంగిపోతాయి. ఇనుప పెట్టె మూత తీయించాను. మర్నాడు కొలిస్తే తేడా 11 డిగ్రీలకు వచ్చింది. ఒక్క చుక్క గ్యాసు నింపకుండా.

గ్యాసు గురించి అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అది పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారేచోటు వెతికి మూయకుండా గ్యాసు నింపితే ఆ డబ్బు కూడా దానితోపాటే కారిపోతుంది. ‘‘ఎక్కడ లీకయిందో చూపించు నాయనా’’ అని అడిగే హక్కు మనకుంది.

రెండో కాగితం: గది

యంత్రం బాగుపడింది కదా అని సంతోషించాను. ఆ రాత్రి ఒక నోటుపుస్తకంలో లెక్క రాసుకున్నాను. ఎనిమిది గంటలకు గదిలో 36 డిగ్రీలు. తొమ్మిదికి 34. పదికి 32. పన్నెండింటికి 30. మునుపటికన్నా నయమే గాని ఎనభై దాటిన మనిషి పన్నెండింటిదాకా మేలుకుని ఉండాలా?

నేను యంత్రం కింద నిలబడి థర్మామీటరు చూస్తుంటే అమ్మ మంచంమీద నుంచి అంది: ‘‘ఆడ చల్లగాలి వస్తాందా ల్యాదా అని చూస్తాండావు. వేడి యాడనుంచి వస్తాందో చూడవేమప్పా? నా మొగంమీద రొట్టె పెనం పెట్టినట్టుంది.’’

కుర్చీ వేసుకుని ఎక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించాను. రాత్రి పదిగంటలప్పుడు కూడా ఎక్కువసేపు ఉంచలేకపోయాను. నెల రోజులుగా అమ్మ ఆ మాటే అంటోంది. యంత్రం సంగతి ఆమెకేం తెలుసని నేను చెవిన పెట్టలేదు.

పగలంతా ఎండ స్లాబును కాలుస్తుంది. ఐదారంగుళాల సిమెంటు ఆ వేడిని దాచుకుని, కొన్ని గంటలు ఆలస్యంగా గదిలోకి వదులుతుంది. అందుకే బయట చల్లగాలి మొదలైన వేళకు మేడ గదిలో ఉడుకు ఎక్కువవుతుంది. మా నాయన కాలపు మిద్దెలో అడుగు మందం మట్టి ఆ వేడిని పైనే చాలాసేపు నిలిపేది. లోపలికి దిగేలోగా రాత్రయి, పైనుంచే చల్లబడేది. నేను స్లాబు వేయించిననాడు వానకు గొడుగు పట్టాను గాని ఎండకు పట్టలేదు. ఇప్పుడు నా యంత్రం నేను కట్టించిన కప్పుతోనే రాత్రంతా పోట్లాడుతోంది. రెండు టన్నులది తెచ్చినా పోట్లాట పెరిగేదే గాని తగ్గేది కాదు. కరెంటు బిల్లూ దానితోపాటే పెరిగేది.

కప్పు తర్వాత మిగతా జమలు కూడా రాశాను. పడమటి కిటికీ అద్దం మీద సాయంత్రం ఎండ. తలుపు కింద వేలు దూరేంత సందు. తలుపు పైన మూతలేని వెంటిలేటరు. గది మూలలో ఫ్రిజ్. ఫ్రిజ్ తన లోపలి వేడిని గదిలోకే వదులుతుందని అంతవరకు ఆలోచించనే లేదు.

చేసిన పనులు

మొదట మేడను శుభ్రంగా ఊడ్పించి కడిగించి, సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాను. తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది. ఇది కొత్త విషయం కాదు. 2010లో వడగాడ్పులు చూసిన అహమదాబాదు నగరం 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, ఆ తర్వాత పేదల ఇళ్ళకు తెల్లపూత వేయించే పని కూడా చేపట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్నే ప్రకటించింది. ఇలాంటి పూతతో ఇంటిలోపల 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గుతుందని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు. పూత పూసేటప్పుడు కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. సున్నం కంట్లో పడితే ప్రమాదం.

అమ్మ గది పైన మాత్రం మేడకు నాలుగడుగుల ఎత్తున ఇనుప గొట్టాలు నిలిపి, నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ నీడవల కట్టించాను. మధ్యలో గాలి ఆడుతుంది. కిటికీకి బయటివైపు వెదురు తడిక. లోపలి పరదాకన్నా బయటి తడిక మేలు, ఎండ అద్దం దాటకముందే ఆగుతుంది. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, వెంటిలేటరుకు అట్ట. ఫ్రిజ్ వంటింట్లోకి వెళ్ళింది. బయటి పెట్టెను ఉత్తరపు గోడకు మార్పించాను. మార్చేటప్పుడు మెకానిక్కు గ్యాసునంతా బయటి పెట్టెలోకే లాగి మూసి, బిగించాక తిరిగి వదిలాడు. గ్యాసు కొత్తగా కొనవలసిన పని లేదని అప్పుడే తెలిసింది.

మే మొదటివారంలో మళ్ళీ నోటుపుస్తకం తెరిచాను. బయట ఎండలో మార్పు లేదు. రాత్రి ఎనిమిదికి గదిలో 33. తొమ్మిదికి 29. తొమ్మిదిన్నరకు 28. అదే యంత్రం.

రిమోటులో 18 పెట్టడం కూడా మానేశాం. 18 పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. యంత్రం శక్తి ఎంతో అంతే. ఎక్కడ ఆగాలో మాత్రమే ఆ అంకె చెబుతుంది. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ గుర్తుతో అమ్మే గది ఎయిర్ కండిషనర్లు వేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన పెట్టారు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ లెక్క. 27లో పెట్టి పైన ఫ్యాను మెల్లగా తిప్పితే అమ్మకు సరిపోతోంది.

మంచు దేశంలోనూ అదే లెక్క

ఆ ఏడాది డిసెంబరులో షికాగో దగ్గర ఉండే మా అమ్మాయి ఫోను చేసింది. ‘‘నాన్నా, ఇల్లు వెచ్చబడడం లేదు. 72 పెడితే 66 దాటడం లేదు. కొత్త ఫర్నేసు పెట్టించాలంటున్నారు’’ అంది. అక్కడివి ఫారెన్‌హీటు డిగ్రీలు. 66 అంటే మన 19. చంటిపిల్ల ఉన్న ఇల్లు.

‘‘ఫిల్టరు ఎప్పుడు మార్చారమ్మా?’’ అన్నాను.

‘‘ఫిల్టరా? అదెక్కడుంటుంది నాన్నా?’’

ఇల్లు కొని ఏడాదిన్నర. అల్లుడుగారు నేలమాళిగలోకి వెళ్ళి తీసి చూస్తే బూడిద రంగు పరుపులా ఉందట. ఫిల్టరు పూడిన ఫర్నేసులో గాలి సరిగా ఆడక లోపల వేడి మితిమీరుతుంది. అప్పుడు రక్షణ స్విచ్చి మంటను ఆపేస్తుంది. కాస్త చల్లబడగానే మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆరుతుంది. యంత్రం పని చేస్తున్నట్టే ఉంటుంది, ఇల్లు మాత్రం వెచ్చబడదు. దానికి తోడు ఇంటిగాలి ఫర్నేసుకు తిరిగి వెళ్ళే పెద్ద జాలీకి అడ్డంగా సోఫా వేసి ఉంది. ఫిల్టరు మార్చి, సోఫా జరిపాక మర్నాటికి ఇల్లు 72కి వచ్చింది.

అలాంటి ఇళ్ళలో చూడవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. గాలి గొట్టాల అతుకులు ఊడితే వేడిగాలి అటకపాలవుతుంది. సాధారణ గృహాల్లో 20 నుంచి 30 శాతం గాలి ఇలా వృథా అవుతుందని అమెరికా ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ కార్యక్రమం వారి అంచనా. గోడ బయటికి వచ్చే ఫర్నేసు గొట్టాలకు మంచు అడ్డుపడితే ఫర్నేసు ఆగిపోతుంది. హీట్ పంపు ఉన్నవారు బయటి పెట్టెనుంచి అప్పుడప్పుడు ఆవిరి లేస్తే భయపడనక్కరలేదు, తనమీద కట్టిన మంచును అది తానే కరిగించుకుంటోంది. అయితే గ్యాసు ఫర్నేసు ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడు అలారం తప్పనిసరి. అది మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినా, కారణం వెతకకుండా ముందు బయటికి వచ్చి సహాయానికి ఫోను చేయాలి.

మెకానిక్కును పిలిచేముందు

పాఠకుల సౌకర్యం కోసం వరుసగా ఇస్తున్నాను. కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోవచ్చు.

1. రిమోటు చల్లబరిచే పద్ధతిలోనే ఉందా, ఫ్యాను వేగం తగ్గి ఉందా చూడండి.

2. ఫిల్టరు తీసి చూడండి. దుమ్ము ఊళ్ళలో వేసవిలో రెండు వారాలకొకసారి కడగాలి. చలిదేశాల్లో కాగితపు ఫిల్టరును ఒకటి నుంచి మూడు నెలలకొకసారి మార్చాలి.

3. బయటి పెట్టె చుట్టూ గాలికి చోటు ఉందా, దుమ్ము, ఆకులు, మంచు పేరుకున్నాయా చూడండి.

4. పావుగంట నడిపి రెండు థర్మామీటర్ల తేడా కొలవండి. ఎనిమిది డిగ్రీలకు తక్కువైతే యంత్రాన్ని అనుమానించండి. తేడా బాగుండి గది చల్లబడకపోతే గదిని అనుమానించండి.

5. రాత్రి కప్పుకు, పడమటి గోడకు చెయ్యి ఆనించి చూడండి. తలుపు, కిటికీ సందుల దగ్గర అగరుబత్తి పొగ పట్టి చూడండి.

6. గంటగంటకూ గది వేడిని నాలుగు రోజులు రాసి ఉంచండి. మెకానిక్కు వచ్చినప్పుడు ఆ కాగితం చూపండి. మా మెకానిక్కు ఆ కాగితం చూశాక గ్యాసు మాట ఎత్తలేదు.

వైర్లు విప్పడం, గ్యాసు గొట్టాలు ముట్టడం మాత్రం మన పని కాదు. ఇప్పటి యంత్రాల్లో చాలావాటిలో వాడే ఆర్-32 గ్యాసుకు కొంత అంటుకునే గుణం ఉంది. మెకానిక్కును పిలవవద్దని నేను చెప్పడం లేదు. ఆయన్ను పిలిచేసరికి మన చేతిలో లెక్క ఉండాలంటున్నాను.

ఎయిర్ కండిషనర్ కొనే స్తోమత లేని ఇళ్ళకు కూడా రెండో కాగితం పనికివస్తుంది. మా వీధిలో ఇద్దరు, యంత్రం లేనివాళ్ళే, మా మేడ చూసి తమ స్లాబుకు సున్నం పూయించుకున్నారు. రాత్రిళ్ళు తేడా తెలుస్తోందన్నారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ గదిలోకి వేసవిలో రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి నిలబడి చూడండి. పగలు వెళ్ళి చూస్తే వాళ్ళ కష్టం తెలియదు. దాహం అడగకపోయినా మజ్జిగో నీళ్ళో చేతికివ్వండి. మాట తడబడినా, ఒళ్ళు కాలుతున్నా ఆలస్యం చేయవద్దు. మన దేశంలో 108కి ఫోను చేయండి.

మే నెల చివర్లో ఒక శనివారం రాత్రి రూపనగుడి వెళ్ళాను. పదిన్నరకు అమ్మ గదిలోకి తొంగిచూస్తే యంత్రం ఆగి ఉంది, ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. చెడిపోయిందేమోనని గుండె గుభేలుమంది. స్లాబుకు చెయ్యి ఆనించి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే. అలికిడికి అమ్మ కళ్ళు తెరిచి, ‘‘నేనే ఆపించినా. చలిగా ఉంటే ఎందుకప్పా అది? పోయి పండుకో’’ అని అటు తిరిగి పడుకుంది.

మా నాయన ఏటా వానలకు ముందు మిద్దెకు చవుడు పోయించేవారు. నేను ఏటా ఉగాదికి ముందు మేడకు సున్నం పూయిస్తున్నాను. ఆ ఖర్చు తప్పుతుందనే మిద్దె పడగొట్టించాను గాని, తప్పలేదు.